చెకింగ్ అమ్మ పాస్ చేయని నెమలి

మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లతో బొమ్మలు వేయించే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అందరి దగ్గరా సర్టిఫికెట్లున్నాయి, ల్యాప్‌టాప్‌లున్నాయి. "సర్, మీ రోజుల్లో ఆర్ట్ థెరపీ ఎలా చేసేవాళ్లు?" అని వినయంగా అడిగారు. నిజం చెబితే వాళ్లకు నా మీద ఉన్న గౌరవం పోతుంది, అబద్ధం చెబితే నాకు నిద్ర పోతుంది. ఈ వయసులో గౌరవం లేకపోయినా గడుస్తుంది గాని నిద్ర లేకపోతే గడవదు. కాబట్టి నిజమే రాస్తున్నాను.

మా రోజుల్లో ఆర్ట్ థెరపిస్టు కావడానికి ఐదు రోజులు పట్టేది. అందులో ఒక రోజు పరిచయాలకు, ఒక రోజు గ్రూపు ఫొటోకు పోయేది. మిగిలిన మూడు రోజుల్లో భోజనం బాగుండేది. అంతకుముందు నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టరుని. ఇరవై రెండేళ్లు చేశాక యాజమాన్యానికి జ్ఞానోదయమై డ్రాయింగు పీరియడ్లన్నీ లెక్కల కోచింగుకు ఇచ్చేశారు. నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. శాలువా కప్పడమంటే ఇక రావద్దని చెప్పడమేనని మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ అర్థం చేయించాడు.

అదే సమయంలో నాచారంలో ఒక ట్రస్టు వాళ్లు ఈ జబ్బు ఉన్నవాళ్ల కోసం పగటిపూట కేంద్రం ఒకటి తెరిచారు. ఉదయం ఇంటివాళ్లు తీసుకొచ్చి దించాలి, సాయంత్రం ఐదింటికి తీసుకుపోవాలి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభాలకని రోడ్డంతా తవ్విపెట్టిన రోజులవి. తెలంగాణ రేపో మాపో వస్తుందంటున్నారు. బంద్ ఉన్ననాడు మా కేంద్రమూ బంద్. లేనినాడు పద్నాలుగు మంది వచ్చేవాళ్లు, దుమ్ములో మునిగి.

కేంద్రంలో పనిచేసేవాళ్లం ముగ్గురం. మేనేజర్ మేడం చెడ్డ మనిషేమీ కాదు. కాకపోతే ఏ సంగతైనా ఫొటో తీసి ట్రస్టుకు పంపేదాకా అది జరిగినట్టు ఆమె ఒప్పుకునేది కాదు. రెండో మనిషి ఆయమ్మ. పద్నాలుగు మందికి అన్నం తినిపించడం, బాత్రూముకు తీసుకుపోవడం, ఏడిస్తే పక్కన కూర్చోవడం ఆమె పని. ఆమెకు సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆమె చేసేదాన్ని థెరపీ అనేవాళ్లం కాదు. మూడో మనిషిని నేను.

నా పద్ధతి చాలా సులువైంది. ఏఎస్ రావు నగర్‌లో ఒక స్టేషనరీ దుకాణం నుంచి రంగులు నింపే పుస్తకాలు తెచ్చేవాణ్ని. నెమలి, ఆపిల్, బంతి. అట్ట మీద 'మూడు నుంచి ఐదేళ్ల వారికి' అని ఉండేది. డెబ్బై ఏళ్లవాళ్ల ముందు పెట్టేటప్పుడు ఆ అట్ట చింపేసేవాణ్ని. నేను చేసిన మొదటి థెరపీ అదే.

పెద్దవాళ్లు పాపం నా మాట వినేవాళ్లు. ఒకాయన మాత్రం వినేవాడు కాదు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఏ కాగితం ఇచ్చినా, నెమలి ఉన్నా లేకున్నా, దాని మీద వరుసగా చిన్న చిన్న గళ్లు గీసి ప్రతి గడిలోనూ పెన్సిలు మొనతో ఒక చిల్లు పొడిచేవాడు. రోజంతా అదే. నేను ప్రతి వారం ఆయన పేరు ఎదురుగా 'మెరుగుదల లేదు' అని రాసేవాణ్ని.

ఇలా నెమళ్లతో సుఖంగా కాలం గడుస్తుండగా చెకింగ్ అమ్మ వచ్చింది.

ఆమెకు అరవై ఏడో అరవై ఎనిమిదో. సన్నగా, నిటారుగా ఉండేది. కూతురు మల్లాపూర్‌లో బట్టలు కుట్టే యూనిట్‌లో మిషను మీద పనిచేసేది. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. మొదటి రోజు కూతురే చెప్పింది.

"మా అమ్మ సీసల కంపెనీల చెకింగ్ చేసేది సార్. దగ్గు మందు సీసలు. ముప్పై ఏండ్లు గదే పని. బెల్టు మీద సీసలొస్తుంటె ఒక్కొక్కటి ట్యూబులైట్‌కు పట్టి సూసుడు. మంచిది కుడి దిక్కు, పగిలింది ఎడమ దిక్కు. ఇప్పుడు నా పేరు గూడ యాదికుండది ఒకొక్కపారి."

ఆమెను బల్ల ముందు కూర్చోబెట్టి నెమలి కాగితం ఇచ్చాను. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఎడమ పక్కన పెట్టేసింది. ఇంకోటి ఇచ్చాను. అదీ ఎడమకే. నా దగ్గర కాగితాలు అయిపోయాయి. అప్పుడు పక్క కుర్చీలో ఒకావిడ రంగులు వేసుకుంటున్న కాగితం లాక్కుని వెలుతురుకు పట్టింది. అది కూడా రిజెక్టు. పక్కామె ఏడుపు అందుకుంది. నేను దగ్గరికెళ్లి, ట్రైనింగులో నేర్పిన మెత్తటి గొంతుతో ఏదో చెప్పబోయాను.

"కొత్తగ వచ్చినవా?" అంది ఆమె నన్ను ఎగాదిగా చూసి. "లైన్ మీద నిలవడి మాట్లాడొద్దు. నీ కోసం సీసలు ఆగుతయా?"

ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అదిగో, ఆ రోజు నుంచే ఆమెకు చెకింగ్ అమ్మ అని పేరు పడింది.

రెండు వారాలు ఇదే వరస. అందరి కాగితాలూ లాక్కునేది. రిజెక్టు చేసినవి ఒక్కోసారి చింపేది. నేను ఓపిక పట్టాను అని రాయాలని ఉంది. పట్టలేదు. ఇంగ్లీషులో ఒక రిపోర్టు రాశాను: ఈమె గ్రూపుకు ఆటంకం, థెరపీకి అనుకూలించదు. ఇరవై రెండేళ్లు పిల్లల మార్కులు వేసిన చెయ్యి. ఫెయిల్ అని రాయడం దానికి కొత్త కాదు.

మేనేజర్ మేడం ఆ రిపోర్టు చూపించి, కొన్నాళ్లు ఇంట్లోనే పెట్టుకొమ్మని కూతురుకు చెప్పింది. కూతురు డ్యూటీకి వెళ్లేటప్పుడు తలుపుకు బయట తాళం వేసి పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చింది. మూడో రోజు పక్కింటావిడ అన్నం పెడదామని తలుపు తీస్తే చెకింగ్ అమ్మ ఆమెను పక్కకు తోసుకుని బయటపడింది. మధ్యాహ్నం వరకూ దొరకలేదు. చివరికి సీసాల కంపెనీ గేటు ముందు ఎండలో చెప్పుల్లేకుండా నిలబడి ఉందట. షిఫ్టు టైమైందని, గేటు తీయమని వాచ్‌మన్‌తో కొట్లాడుతోందట.

మర్నాడు కూతురు నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు. అలసిపోయినవాళ్లు ఏడవరని నాకు అప్పటికి తెలియదు.

"సార్, నిన్న మా సూపర్‌వైజర్ చెప్పిండు, ఇంకొక్కపారి డ్యూటీ మధ్యల లేచి పోతె రావద్దని. నేను డ్యూటీకి పోకుంటె ఇద్దరం ఏం తింటం? జర ఒక మూలకు కూసోబెట్టున్రి సార్. బొమ్మలు గిట్ల ఏం వద్దు."

మళ్లీ చేర్చుకున్నాం, కాని మేనేజర్ మేడం షరతు పెట్టింది. ఇంకొక్కసారి గొడవైతే పేరు కొట్టేస్తాం. నేను ఆమె కుర్చీని మూలకు, గోడవైపు తిప్పి వేయించాను. గోడ ముందు కూర్చున్న మనిషికి చెకింగ్ చేయడానికి ఏమీ ఉండదు గదా. ఇది నేను చేసిన రెండో థెరపీ.

ఆ చలికాలంలో కేంద్రానికి వార్షికోత్సవం వచ్చింది. ముఖ్య అతిథిగా ఒక వ్యాపారస్థుడు వస్తున్నాడు. ఆయనకు నచ్చితే పెద్దవాళ్లను ఇళ్ల నుంచి తీసుకురావడానికి వ్యాన్ ఇస్తాడని ఆశ. హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టాలన్నారు. నేను ఏడాది పనంతా బల్ల మీద పరిచాను. మేనేజర్ మేడం చాలాసేపు చూసింది. గళ్లు, చిల్లులు, గీతలు, ఎటూ పోని రంగులు.

"ఇవేనా సార్?"

"ఇవే మేడం."

"చూడ్డానికి బాగుండేవి ఏమైనా..."

నేను కాగితాల అంచులు సర్దాను.

"మీరే కొంచెం టచప్ చెయ్యండి సార్. కొంచెమే."

ఆ కొంచెం నాకు మూడు రోజులు పట్టింది. పిల్లలూ, ఇక్కడ నేను మేడం మీదికి నెట్టేసి తప్పించుకోవచ్చు. కానీ ఆ మూడు రోజులూ నేనెంత ఆనందపడ్డానో నాకు తెలుసు. చాలా ఏళ్ల తర్వాత బొమ్మలు వేస్తున్నాను. పెద్దవాళ్లు గీసినవాటి మీద తెల్లటి పోస్టరు కలరు మందంగా పూసి, ఆరాక దాని మీద నా బొమ్మ వేశాను. కండక్టరు గళ్ల మీద నెమలి వేశాను, పురి విప్పి, కంఠం మీద మెరుపుతో సహా. కింద మూలన ఆయన పేరు రాశాను. అలా పదకొండు చేశాను. మూడు మిగిలిపోయాయి, ఎందుకంటే తెల్ల రంగు అయిపోయింది. నా నిజాయితీ మొత్తం ఆ మూడు కాగితాలే. వాటిని స్పీకరు డబ్బా వెనక, ఎవరికీ కనపడని చోట తగిలించాను.

వార్షికోత్సవం రోజు హాలంతా తాళ్లు కట్టి బట్టల క్లిప్పులతో బొమ్మలు వేలాడదీశాం. ఇంటివాళ్లందరూ వచ్చారు. చెకింగ్ అమ్మ కూతురు సగం పూట పర్మిషన్ తీసుకుని వచ్చింది. తల్లికి ఇస్త్రీ చీర కట్టి, వెనక వరసలో పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ముఖ్య అతిథి మాట్లాడాడు, దీపం వెలిగించాడు, మళ్లీ మాట్లాడాడు. తర్వాత బొమ్మలు చూస్తూ నెమలి దగ్గర ఆగిపోయాడు.

"డెబ్బై రెండేళ్ల మనిషి వేసిందా ఇది? ఏం ఫినిషింగ్ అండీ."

మేనేజర్ మేడం కండక్టరును లేపి తీసుకొచ్చింది. ఆయన నెమలిని చూశాడు, అతిథిని చూశాడు, "టికెట్ తీసుకున్నరా?" అని అడిగాడు. అందరూ ముచ్చటపడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆయన కాగితంలో తన గళ్ల కోసం వెతుక్కుంటున్నాడని తెలిసిన మనిషిని ఆ హాల్లో నేనొక్కణ్నే.

ఈ సందడిలో కూతురు చెయ్యి ఎప్పుడు వదులైందో, చెకింగ్ అమ్మ లేచి వచ్చేసింది. తాడుకున్న కాగితాలు చూసింది. ఆమె ముఖంలో ఒక తొందర కనిపించింది, పని పేరుకుపోయినప్పుడు ఉండే తొందర. అతిథి పక్క నుంచి చెయ్యి చాచి, నెమలిని క్లిప్పులోంచి లాగి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండకు ఎత్తి పట్టింది.

నా నెమలి మాయమైంది. ఎండ వెనక నుంచి పడేసరికి పై రంగులు మసకబారి, కింద కండక్టరు గీసిన గళ్లు వరుసగా తేలాయి. నెమలి పొట్ట నిండా చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు.

"లోపల వేరే ఉన్నది," అంది చెకింగ్ అమ్మ. "పైన పూత వెట్టి మూసిన్రు. గిసొంటి మాల్ బయటికి పోతె కంపెనీ ఇజ్జత్ పోతది."

దాన్ని ఎడమ పక్క కుర్చీ మీద పెట్టి తర్వాతి కాగితం అందుకుంది. ఆపిల్ పండు. కింద ఎవరివో వణికిన గీతలు. ఎడమకు. తర్వాత గుడిసె, కొండ, సూర్యుడు. ఎడమకు.

మేనేజర్ మేడం గబగబా అతిథి చెవి దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేలా మెల్లగా చెప్పింది. "ఆమెకు జబ్బు బాగా ముదిరింది సర్. ఏం చేస్తుందో తనకే తెలియదు పాపం."

అతిథి జాలిగా తల ఊపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత చక్కటి దారి. జబ్బు ఆమెది, కాబట్టి తప్పూ ఆమెదే. నేను నోరు మూసుకుంటే చాలు. మూసుకున్నాను.

కూతురు పరుగెత్తుకొచ్చి తల్లి భుజం పట్టుకుంది. "అమ్మా, జర ఇటు రా. అందరు సూస్తున్నరు."

"షిఫ్ట్ అయిపోలే ఇంక."

"ఏం షిఫ్ట్ లేదు. రావే."

చెకింగ్ అమ్మ విదిలించుకుని ఇంకో కాగితం లాగింది. కూతురు మేడం ముఖం వైపు చూసింది. పేరు కొట్టేస్తారని ఆమెకు అర్థమైపోయింది. మల్లాపూర్‌లో సూపర్‌వైజరు, బయటి తాళం, పక్కింటి తాళంచెవి, అన్నీ ఆ ఒక్క చూపులో నాకు కనపడ్డాయి. తల్లి చేతి మీద ఒక్కటి వేసింది. గట్టిగానే వేసింది.

చెకింగ్ అమ్మ చెయ్యి ఒకసారి రుద్దుకుంది. మళ్లీ అదే చేత్తో కాగితాన్ని వెలుతురుకు ఎత్తింది.

ఆ దెబ్బ పడకపోతే నేను ఇప్పటికీ మాట్లాడి ఉండేవాణ్ని కాదు. ఇది గొప్పకు చెప్పడం లేదు.

"అమ్మ చెప్పేది నిజమే సార్," అన్నాను. "ఆ నెమలి నేనేసిన. పెద్దాయన ఏసింది దాని కింద ఉన్నది. ఇవన్నీ గట్లనే."

ఇప్పుడు భూమి బద్దలవుతుందని నేను ఎదురుచూశాను. ముఖ్య అతిథి నా భుజం తట్టాడు.

"దాందేముంది మాస్టారూ. టీచరు చెయ్యి పడకుండా ఎక్కడైనా ఎగ్జిబిషన్ జరుగుతుందా?" అని మేడం వైపు తిరిగి, "వ్యాన్ ఏ రంగుది కావాలో చెప్పండి," అన్నాడు.

నా జీవితంలో నేను చేసిన ఏకైక సాహసం అలా చాయ్, సమోసాల్లో కలిసిపోయింది. అందరూ ప్లేట్ల వైపు కదిలారు. ఒక్క మనిషి కదల్లేదు.

"సార్," అంది కూతురు. "అమ్మ పక్కకు పెట్టినయి అన్నీ మీరు ఏసినయేనా?"

"అన్నీ."

"ఒక్కటి గూడ తప్పు పోలేదా?"

అప్పటికి చెకింగ్ అమ్మ స్పీకరు డబ్బా వెనక్కి చేరింది. నేను దాచిన మూడు కాగితాలనూ ఒక్కొక్కటే ఎండకు పట్టి చూసి, కుడి పక్కన పెట్టింది.

"ఒక్కటి గూడ పోలే," అన్నాను.

కూతురు కుర్చీలో కూర్చుండిపోయింది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"రిటైర్మెంట్‌కు ఇంక రెండేండ్లు ఉండంగనే ఇంటికి పంపిన్రు సార్ అమ్మను. పగిలిన సీసలు పాస్ చేసిందని. ఆ సీసలన్నీ టేబుల్ మీద పెట్టి, లైన్ మీదోళ్లందరిని పిలిచి సూపిచ్చిన్రట. ఇంటికొచ్చి రెండు దినాలు తిండి తినలే. నేను గూడ తిట్టిన, కండ్లు యాడ పెట్టుకున్నవే అని. గప్పటికే ఈ బీమారి షురువైందేమో. మాకేం ఎరుక." ముఖం చున్నీతో తుడుచుకుంది. "గప్పటి సంది నేను అన్నీ తప్పే అంటున్న. అన్నం తప్పు తింటున్నవ్, చీర తప్పు కట్టుకున్నవ్, మాట తప్పు చెప్తున్నవ్."

లేచి తల్లి దగ్గరికి వెళ్లింది. తాడు మీద ఇంకా నాలుగు కాగితాలున్నాయి. ఒకటి తీసి తల్లి చేతికిచ్చింది.

"జల్ది ఇయ్యి," అంది చెకింగ్ అమ్మ. "బెల్టు ఆగదు."

వ్యాన్ వచ్చింది. దాని మీద అతిథి గారి ఫొటో మా కేంద్రం పేరుకంటే పెద్దదిగా వచ్చింది. మేనేజర్ మేడం నాతో వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత నన్ను ప్రదర్శనల బాధ్యత నుంచి తప్పించింది. ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక్క ప్రమోషన్ అది. చెకింగ్ అమ్మ పేరు మాత్రం కొట్టేయలేదు. ముఖ్య అతిథి ముందు ఆమె మాట నిజమని తేలాక కొట్టేస్తే బాగుండదని మేడమే అంది. ముందే చెప్పాను, చెడ్డ మనిషి కాదు.

నెమలి పుస్తకాలను పాత పేపర్లవాడికి వేసేశాను. తెల్ల కాగితాలు, పెన్సిళ్లు, రంగు సుద్దలు బల్ల మీద పెట్టి, ఎవరికి ఏం తోస్తే అది చేయమని వదిలేశాను. చెకింగ్ అమ్మ కుర్చీని కిటికీ పక్కకు మార్చాం. ఎవరి కాగితమూ లాక్కోవాల్సిన అవసరం ఆమెకు రాకుండా, అయిపోయినవి ఆయమ్మే తీసుకెళ్లి ఒక్కొక్కటే చేతికిచ్చేది. వాటిలో రిజెక్టయ్యేవి చాలా తక్కువ. కండక్టరు గళ్లు మొదటిసారి కుడివైపుకు వెళ్లిన రోజు, ఆయన చొక్కా కాలరు సర్దుకుని ఇంకో కాగితం అడిగాడు. ఏడాదిలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

మీరు ఎదురుచూస్తున్న ఘట్టం నాకు తెలుసు. ఒకరోజు చెకింగ్ అమ్మ తనే పెన్సిలు పట్టుకుని అద్భుతంగా ఒక సీసా బొమ్మ వేసిందని నేను రాయాలి. ఆమె ఏనాడూ బొమ్మ వెయ్యలేదు. కూతురు పేరు మళ్లీ గుర్తుకు రాలేదు. జబ్బు తన పని తాను చేసుకుపోయింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, కాగితాలు చేతికందే వేళలో మాత్రం ఆమె ఎవరినీ తిట్టేది కాదు, గేటు వైపు నడిచేది కాదు, భయపడేది కాదు. ఇంత చిన్న ఫలితాన్ని ఏ రిపోర్టులో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. మీ ల్యాప్‌టాప్‌లో చోటుంటే రాసుకోండి.

రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో ఆమె నిమోనియాతో పోయింది. చర్చివాళ్లు, వీధివాళ్లు పదిహేను ఇరవై మంది వచ్చారు. సమాధుల దగ్గర తడిసిన మట్టిలో నా పక్కన ఇద్దరు ముసలమ్మలు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. సీసాల కంపెనీలో ఆమెతోపాటు లైన్ మీద పనిచేసినవాళ్లట. ప్రార్థన అయ్యాక ఒకామె నన్ను అడిగింది.

"నువ్వెవరు బిడ్డా? సుట్టపోడివా?"

థెరపిస్టునని చెబుదామని నోరు తెరిచాను. ఆ మాట ఎందుకో బయటికి రాలేదు.

"కాదమ్మా. ఆమె చేతికింద పనిచేసిన."

"ఎన్నేండ్లు?"

"ఏడాదిన్నర."

ముసలమ్మ నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"మస్తు కష్టమైతుండె గద?" అంది. "మేమైతె మొదట్ల రోజూ ఏడ్సేటోళ్లం."